పగటి పొద్దు తగ్గే కాలంలో కోళ్ల గూట్లో దీపం పెట్టడం సరైనదేనా?

పెరటిగూడు:
పగలు కురచవుతున్న కొద్దీ మా పెట్టల గుడ్లు తగ్గుతూ వచ్చి ఇప్పుడు దాదాపు ఆగిపోయాయి. గూట్లో బల్బు వెలిగిస్తే మళ్లీ పెడతాయని కొందరు, అలా చేస్తే కడుపులోని గుడ్లన్నీ తొందరగా అయిపోయి పెట్ట త్వరగా ముసలిదవుతుందని మరికొందరు అంటున్నారు. మీరు ఏ పక్షమో కారణాలతో సహా తెలియజేయగలరు.

వేకువ:
దీపం పెట్టడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు అందినప్పుడే పెట్ట నిండుగా పెడుతుంది. పుర్రె గుండా మెదడుకు చేరే కాంతిని బట్టి అండాశయాన్ని నడిపే హార్మోన్లు విడుదలవుతాయి కనుక, పొద్దు తగ్గితే ఎంత మంచి దాణా వేసినా గుడ్లు తగ్గుతాయి. ఇక గుడ్లు అయిపోతాయన్న భయానికి ఆధారం లేదు. జీవితాంతం పెట్టినా తరగనన్ని అండాలతోనే కోడిపిల్ల పుడుతుంది.

కొత్తఈక:
అండాలు తరగవన్న వేకువ గారి మాట నిజమే. అయితే తరిగేది మరొకటి ఉంది, అది ఎముకల్లోని కాల్షియం. ఒక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. గుడ్డు తయారవడానికి పట్టే 25 గంటల్లో దాదాపు 20 గంటలు పెంకుకే పోతాయి. అందులో చాలా భాగం పెట్ట తిండి తినని రాత్రివేళ కావడంతో ఆ లోటును ఎముకల్లోని నిల్వ పూడుస్తుంది. (గుడ్డు రోజురోజుకూ కాస్త ఆలస్యమై చివరికి ఒక రోజు తప్పడానికీ ఈ 25 గంటల లెక్కే కారణం, దాన్ని జబ్బుగా భావించనక్కరలేదు.)

పొద్దు తగ్గే కాలంలోనే పెట్టలు పాత ఈకలు రాలుస్తాయి. ఈక దాదాపు అంతా మాంసకృత్తులే కాబట్టి ఈకలూ గుడ్లూ ఒకేసారి సాగవు. దీపం పెట్టే ముందు పెట్టను చేతిలోకి తీసుకుని మెడ దగ్గర ఈకలు విడదీసి చూడండి. సూదుల్లా పొడుచుకొస్తున్న లేత ఈకలు కనిపించి, వాటిని తాకగానే అది బెదిరి ముడుచుకుంటే ఇంకా ఈకలు మారుస్తోందని అర్థం. తలమీద తురాయి పాలిపోయి కుంచించుకుపోతుంది. తోక కింద గుడ్డు వచ్చే దారికి ఇరువైపులా ఉండే రెండు ఎముకల మధ్య, పెట్టే రోజుల్లో రెండు మూడు వేళ్లు పట్టే సందు, ఒక వేలికి కూడా చాలదు. ఆ స్థితిలో ఉన్న పెట్టకు రెండు మూడు నెలల విశ్రాంతి ఇవ్వడమే న్యాయం. ఆ ఏడాదే గుడ్లకు వచ్చిన పడుచు పెట్టలు మాత్రం చాలావరకు దీపం లేకుండానే పెడుతూ ఉంటాయి.

వేకువ:
పెద్ద ఫారాల్లో ఏడాది పొడవునా దీపాల కిందే పెడుతున్నాయి కదా?

కొత్తఈక:
పెడుతున్నాయి, కానీ అక్కడి పెట్టలను సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లకే తీసేస్తారు. ఆ తరువాత వాటి ఎముకలు ఎలా ఉంటాయన్నది ఫారం లెక్కలోకి రాదు. అయిదారేళ్లు పెంచుకునే పెరటి పెట్టకు ఆ లెక్కను వర్తింపజేయడం సరికాదు.

దండె:
భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేవారికి పగటి నిడివి పెద్దగా మారదు. వారు గుడ్లు ఆగినప్పుడు వెలుతురుకంటే ముందు పేలు, నీటి కొరత, పొదుగుకు కూర్చున్న పెట్ట, పొదల్లో దాచిన గుడ్లు వంటివి చూసుకోవాలి. దీపం పెట్టదలచినవారు సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వెలిగించడం మేలు. రాత్రి ఉన్నట్టుండి ఆరిపోతే పెట్టలు దండె (కోళ్లు రాత్రి కూర్చునే కర్ర) ఎక్కలేక చీకట్లో కిందే మిగిలిపోతాయి. మొదలుపెట్టాక మధ్యలో హఠాత్తుగా మానేస్తే, చలి ముదిరిన వేళ ఈకలు రాల్చే ప్రమాదం ఉంది. వేడినిచ్చే బల్బుల వల్ల గడ్డి అంటుకుంటుంది కనుక చిన్న ఎల్‌ఈడీ చాలు.

వేకువ:
ఈకలు మారుస్తున్న పెట్టకు దీపం వద్దన్న వాదనను అంగీకరిస్తున్నాను. కానీ కొత్త ఈకలు పూర్తిగా వచ్చి, తురాయి ఎర్రబడి, లేయర్ దాణాతో (గుడ్లు పెట్టే కోళ్లకు వేసే దాణా) పాటు ఆల్చిప్పల పొడి విడిగా తింటున్న రెండేళ్ల పెట్టకు కూడా వెలుతురు నిరాకరించడానికి కారణం కనిపించడం లేదు.

కొత్తఈక:
అలాంటి పెట్టకైతే పగటి వెలుతురుతో కలిపి 14 గంటలు దాటకుండా, వారానికి అరగంట చొప్పున పెంచుతూ ఇవ్వండి. పెంకు పలచబడినా, నడకలో తేడా కనిపించినా వెలుతురును అలాగే మెల్లగా తగ్గించుకుంటూ రండి.