ఆర్‌బీ26 రూలు పుస్తకంలోంచి పుట్టిన ఇంజనా? 2జేజడ్ ముందు నిలబడుతుందా?

డాలస్ దాము:
అమెరికాలో 25 ఏళ్లు దాటిన కారును దిగుమతి చేసుకోవచ్చు కదా, అలా వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ ఒకటి అమ్మకానికి ఉంది. మా ఆఫీసులో ఒకాయన అడ్డుపడుతున్నాడు. ‘అందులో ఆర్‌బీ26 రేసు రూలు కోసం కొలిచి పోసిన ఇంజన్. అసలు ఇంజన్ అంటే టొయోటా 2జేజడ్. అది ఉన్న సుప్రా కొనుక్కో’ అంటాడు. ఇందులో నిజమెంత?

గుంటూరు గాస్కెట్:
చాలా నిజం. రోడ్డు కార్లతో ఆడే గ్రూప్ ఏ రేసుల్లో టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే) ఇంజన్ సైజును 1.7తో గుణించి క్లాసు నిర్ణయించేవాళ్లు. నిస్సాన్ మొదట దాదాపు 2.4 లీటర్లతో 4000 సీసీ క్లాసులో దిగుదామనుకుంది. కారుకు ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టేసరికి బరువు పెరిగి ఆ లెక్క చెడింది. పై క్లాసులో వెడల్పు టైర్లు వేసుకోవచ్చు, దాని హద్దు 4500. దాన్ని 1.7తో భాగిస్తే 2647. ఆర్‌బీ26 సైజు 2568 సీసీ. ఇక చెప్పేదేముంది?

పైగా అదే కుటుంబంలో ఆర్‌బీ30 అప్పటికే తయారై ఉంది. బోరు (సిలిండర్ వెడల్పు) అదే 86 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 85, మొత్తం 2962 సీసీ. రూలు అడ్డం లేకపోతే దాన్ని పక్కన పెట్టి 73.7 స్ట్రోకు ఎవరు ఎంచుకుంటారు? టొయోటా వాళ్లు 2జేజడ్‌కు బోరు 86, స్ట్రోకు 86 పెట్టి 2997 సీసీ తీశారు. దామూ, మీ ఆఫీసాయన మాట వినండి.

బూస్ట్ బాబు:
సీసీ సంగతి అలా ఉంచండి. ఆర్‌బీ26కి 280 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) అని కాగితం మీద రాశారు చూడండి, అదే పెద్ద అబద్ధం.

పాత డాట్సన్:
గాస్కెట్ గారూ, గుణకారం బాగానే చేశారు. రూలు చూసి పోసిన ఇంజన్ జపాన్‌లో అదొక్కటేనా? 1989 వరకు అక్కడ 2000 సీసీ దాటితే కారు పెద్ద తరగతిలోకి పోయేది, ఏటా కట్టే టాక్సు ఒక్కసారిగా ఎగబాకేది. రెండు లీటర్లలోపే ఆరు సిలిండర్లు ఇరికించడం అందుకే. నిస్సాన్ ఎల్20 వచ్చింది 1965లో. బోరు 78, స్ట్రోకు 69.7. ఇరవై ఏళ్లకు దాని స్థానంలో ఆర్‌బీ20 వచ్చింది. కొత్త ఇంజన్, కొత్త హెడ్ (ఇంజన్ పైభాగం), అయినా బోరు 78, స్ట్రోకు 69.7. టొయోటా 1జీ కూడా రెండు లీటర్లదే.

1989లో టాక్సు మారింది. 1990లో టొయోటా 1జేజడ్ వచ్చింది, 2492 సీసీ. నిస్సాన్ ఆర్‌బీ25 అయితే 2498. రెండూ 2500 సీసీ టాక్సు గీత కిందే ఆగాయి. ఎందుకంటారు? నిస్సాన్‌ది రేసు రూలు, మీ టొయోటాది టాక్సు రూలు. పుస్తకం వేరు, అంతే తేడా.

ఇక 73.7 స్ట్రోకు ఊరికే రాలేదు. 1969 నాటి 240జెడ్‌లో ఉన్న ఎల్24 స్ట్రోకు అదే. ఆ కొలతల మీద వాళ్లకు అప్పటికే చెయ్యి తిరిగి ఉంది. పొట్టి స్ట్రోకు కనుక పైదాకా తిరుగుతుంది, ఆరు సిలిండర్లకు ఆరు థ్రాటిల్స్ (గాలి తలుపులు). 3 లీటర్ల కుటుంబ కారు ఇంజన్ ఇచ్చే అనుభవం కాదది.

బూస్ట్ బాబు:
280 గురించి ఎవరూ మాట్లాడరేం? జపాన్ కంపెనీలన్నీ కూడబలుక్కుని 280 దాటి రాయకూడదనుకున్నాయి. 2004 దాకా అదే తంతు. డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద పెట్టినవాళ్లు అంతకంటే ఎక్కువే చూశారు.

విశాఖ వీ6:
2జేజడ్ కూడా జపాన్‌లో 280 అనే రాసుకుంది బాబూ. అమెరికా సుప్రాకు 320 హార్స్‌పవర్ రాశారు. ఆ లెక్కన ఇద్దరూ అబద్ధాలకోర్లే.

గుంటూరు గాస్కెట్:
డాట్సన్ గారు టాక్సు వైపు తిప్పారు, బాగుంది. 2జేజడ్‌ను ఏ టాక్సు గీత ఆపిందో చెప్పలేదు. 3000 అంటారా? మూడు లీటర్లంటే చాలు కదా ఎవరికైనా.

నా అసలు పాయింట్ ఆయిల్. తొలి ఆర్32 ఇంజన్లలో ఆయిల్ పంపును తిప్పే కాలర్ (క్రాంక్ అనే ప్రధాన షాఫ్టు మీది పట్టు) వెడల్పు తక్కువ. పైదాకా తిప్పి, హద్దు దాటి తిరగనివ్వని రెవ్ లిమిటర్‌కు కొట్టిస్తుంటే పంపు గేరు పగిలిపోతుంది. తర్వాత నిస్సానే కాలర్ వెడల్పు పెంచింది. హెడ్‌లోకి ఎక్కిన ఆయిల్ త్వరగా కిందికి దిగదు, పైకెక్కే ఆయిల్ తగ్గించే రెస్ట్రిక్టర్ పెట్టుకోవాలి, సంపు (అడుగున ఆయిల్ తొట్టి) పెద్దది చేసుకోవాలి. పైకి తిరగడం కోసమే పొట్టి స్ట్రోకు పెట్టామంటారు, పైకి తిప్పితే పంపు పోతుంది. ఇదేం ఇంజనీరింగ్?

పాత డాట్సన్:
ఈ పంపు మాట నా దగ్గర ఎత్తకండి. నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను, నాకూ ఆర్32 ఉండేది. ఒక ట్యూనింగ్ షాపుకు ఇచ్చాను. పాత పంపు, పాత కాలర్ అలాగే ఉంచి బూస్టు (టర్బో ఒత్తిడి) బాగా పెంచి ఇచ్చాడు. మార్చాడనుకుని ట్రాక్ మీదికి తీసుకెళ్లాను. బేరింగులు పోయాయి, క్రాంక్ పోయింది. షాపువాడు ‘ఆర్‌బీలు అంతే సార్’ అన్నాడు, బిల్లు మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి ‘ఆర్‌బీలు అంతే’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 280 పీఎస్‌కు చేసిన ఇంజన్‌లోంచి రెట్టింపు పిండుకుని, విరిగితే నిస్సాన్‌ను తిట్టడమేమిటి?

గుంటూరు గాస్కెట్:
నేననేది అదే కదా! ఆ షాపువాడు అదే పని 2జేజడ్‌కు చేసి ఉంటే మీరు ఈపాటికి కారులో తిరుగుతుండేవాళ్లు. అది ఎవడి చేతిలో పడ్డా తట్టుకుంటుంది.

పాత డాట్సన్:
అంటే తెలివితక్కువ మెకానిక్‌ను భరించేదే గొప్ప ఇంజన్ అన్నమాట. నువ్వు ఇంజన్ కోసం చూస్తున్నావా, ఎడ్లబండి కోసమా?

గుంటూరు గాస్కెట్:
‘నువ్వు’ దాకా వచ్చామా? సరే. నువ్వు మోసపోయింది షాపువాడి చేతిలో, కోపం టొయోటా మీద.

తెనాలి టార్క్:
పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కానివ్వండి.

పాత డాట్సన్:
నా కోపం టొయోటా మీద కాదు. 2జేజడ్‌తో 700, 800 హార్స్‌పవర్ తీస్తున్నారని అందరూ దండలు వేస్తారే, ఆ అంకె టొయోటా ఎక్కడైనా రాసిందా? హామీ ఇచ్చిందా? 1991లో ఆ ఇంజన్‌ను మొదట అరిస్టోలో పెట్టింది, పెద్దమనుషుల సెడాన్. ఏళ్ల తరబడి రిపేరు రాకూడదని దిట్టంగా పోత పోశారు. ఆ మిగులు బలాన్ని తర్వాత ట్యూనర్లు వాడుకున్నారు. టొయోటా అనుకోనిదానికి టొయోటాకు పేరు. నిస్సాన్‌లో ఆర్32ను తయారుచేసిన ఇంజనీరు నగనోరి ఇటో బృందం ఏమనుకుందో అది చేసి చూపించింది. జపాన్ గ్రూప్ ఏ సిరీస్‌లో 1990 నుంచి 93 దాకా 29 రేసులకు 29 గెలిచింది. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ రేసు 1991, 92 రెండూ దానివే. అనుకున్న పని ఇంత నిక్కచ్చిగా చేసిన ఇంజన్ ఇంకోటి చూపించు.

గుంటూరు గాస్కెట్:
రేసు టీమ్‌కు ప్రతి రేసుకూ ఇంజన్ విప్పి బిగించే మనుషులుంటారు. దాముకు ఎవరున్నారు? నేను కారు కొనేవాడి వైపు నుంచి మాట్లాడుతున్నాను, నువ్వు కప్పు గెలిచినవాడి వైపు నుంచి. టొయోటా అనుకుందో లేదో నాకెందుకు? బ్లాకులో (సిలిండర్లుండే పోతలో) బలం ఉంది, నా చేతికి వచ్చింది. ఇంజనీరు మనసులో ఏముందో చూసి మార్కులు వేయడం పరీక్ష పేపర్ దిద్దేవాళ్ల పని.

ఇంకోటి. ఆర్‌బీ అంటే మీకందరికీ జీటీ-ఆర్ ఒక్కటే గుర్తొస్తుంది. ఆస్ట్రేలియాలో 1986లో కొత్త కార్లన్నీ సీసం లేని పెట్రోలుతో నడవాల్సి వచ్చింది. అక్కడి కార్ల కంపెనీ హోల్డెన్ తన పాత ఆరు సిలిండర్ల ఇంజన్‌ను దానికి మార్చుకోకుండా జపాన్ నుంచి ఆర్‌బీ30 తెప్పించి వీఎల్ కమడోర్ కారులో పెట్టింది. సింగిల్ క్యామ్, ఆర్భాటం లేదు. టర్బో రకం 150 కిలోవాట్లు, పోలీసులు కూడా వాడారు. ఆ కుటుంబంలో జనానికి పనికొచ్చింది అదీ. డాట్సన్ ఉండేదే మెల్‌బోర్న్‌లో, ఆ కార్ల గురించి ఒక్క ముక్క లేదు.

విశాఖ వీ6:
టొయోటా దిట్టంగా పోత పోసిందంటున్నారు, వాళ్ల 7ఎం ఇంజన్ మర్చిపోయారా? 1986 సుప్రా, హెడ్ బోల్టుల బిగింపు చాలక గాస్కెట్లు పోయేవి. జేజడ్‌కు ముందు వాళ్లు తిన్న దెబ్బ అది.

డాలస్ దాము:
అన్నలూ, నాకు రేసు లేదు, 700 హార్స్‌పవర్ అక్కర్లేదు. శని, ఆదివారాలు నడుపుకుంటాను.

పాత డాట్సన్:
అయితే కొనుక్కో తమ్ముడూ. కొనేముందు మాత్రం కాలర్ మార్చారా, పంపు మార్చారా బిల్లులు అడుగు. నోటిమాట నమ్మకు. బూస్టు ముట్టుకోకు.

గుంటూరు గాస్కెట్:
చూశారా, ‘కొనుక్కో’ అన్న వెంటనే ఎన్ని షరతులో! సుప్రాకు ఈ జాబితా ఉండదు.

బూస్ట్ బాబు:
సుప్రా ధర చూశారా ఈ మధ్య?

పాత డాట్సన్:
మెల్‌బోర్న్‌లో వీఎల్ కార్ల సంగతి నాకు తెలుసు. ఇక్కడ ఆ ఆర్‌బీ30 బ్లాకు మీదే ఆర్‌బీ26 హెడ్ ఎక్కిస్తారు. మీకు కావాల్సిన మూడు లీటర్లు, నాకు కావాల్సిన హెడ్. బ్లాకూ నిస్సాన్‌దే, హెడ్డూ నిస్సాన్‌దే. ఇంకేం కావాలి?

గుంటూరు గాస్కెట్:
ఆయిల్ పంపు ఎవరిది వేస్తారు?