అల్జీరియా బడుల్లో తమాజిగ్త్ భాషను ఏ లిపిలో నేర్పుతున్నారు?

అల్జీరియా భాషా విధానంపై వ్యాసం రాస్తున్నాను. అక్కడ చదువుకున్నవారు గానీ, పనిచేసినవారు గానీ నా సందేహం తీర్చగలరని మనవి. 1963 రాజ్యాంగంలో అరబ్బీని జాతీయ, అధికార భాషగా రాసుకున్న ఆ దేశ ప్రభుత్వం, 1980లో ఉత్తరాఫ్రికా మూలవాసులైన బెర్బెర్లలో ఒక వర్గమైన కబైలీల ప్రాచీన కవిత్వంపై రచయిత మౌలూద్ మమ్మెరీ ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని అడ్డుకుని, కబైలీల పట్టణమైన తీజీ ఊజూలో చేజేతులా నిప్పు రాజేసుకుంది. బెర్బెర్ల తమాజిగ్త్‌కు 2002లో జాతీయ భాషగా, 2016లో అధికార భాషగా గుర్తింపు దక్కింది. హోదా ఇచ్చినంత తేలిక కాదు, పాఠం చెప్పడం. బెర్బెర్ల ప్రాచీన లిపి అయిన టిఫినాగ్, లాటిన్, అరబ్బీ లిపుల్లో దేన్ని ఎంచుకున్నా అదొక రాజకీయ ప్రకటనే అవుతుంది. తీజీ ఊజూ బడుల్లోనూ, ఔరెస్ కొండల దిక్కున బాత్నా బడుల్లోనూ నేడు నల్లబల్లపై కనిపించేది ఏ లిపి? పిల్లల పాఠ్యపుస్తకం చూసినవారు చెబితే మరీ మంచిది.