కీమో జరుగుతుండగా లైపోసోమల్ కర్క్యుమిన్ మాత్రలు ఇవ్వవచ్చునా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

నమస్కారమండీ. మా అమ్మగారికి రొమ్ము క్యాన్సర్. నగరంలోనే పాక్లిటాక్సెల్ కీమో జరుగుతోంది. పసుపులోని కర్క్యుమిన్‌ను లైపోసోములనే అతిచిన్న కొవ్వు నానోకణాల్లో నింపారని, అందువల్ల అది నేరుగా కణితికే చేరుతుందని చెప్పి మా పిన్నిగారు ఒక సీసా మాత్రలు తెచ్చి ఇచ్చారు. క్యాన్సర్‌కు లైపోసోమ్ ఇంజెక్షన్లు నిజంగానే వాడతారని తెలుసు కాబట్టి, ఈ మాటను తీసిపారేయలేకపోతున్నాను. ఇవ్వవచ్చునా?

సమాధానం (ఔషధ రూపకల్పన పరిశోధకుడు, తార్నాక)

మీ అమ్మగారికి ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ కూడా మొదట యూ చెట్టు బెరడులో దొరికినదే. అది నీటిలో కరగదు కనుక, సాధారణ రకాన్ని ఆముదం నుంచి తయారైన ద్రావకంతో కలిపి ఎక్కిస్తారు. ఆ ద్రావకం తీవ్రమైన అలర్జీ తెచ్చే ప్రమాదం ఉన్నందువల్లే ముందుగా స్టెరాయిడ్ ఇస్తారు. మొక్కల మందులను కొవ్వు నానోకణాల్లో పెట్టాలన్న ఆలోచనకు ఇటువంటి ఇబ్బందులు ఒక ముఖ్య కారణం.

నరంలోకి ఎక్కించిన లైపోసోమ్ రక్తంలో చాలాసేపు తిరిగి, కణితిలోని లోపభూయిష్టమైన రక్తనాళాల గుండా కొంత లోపలికి చేరుతుంది. అప్పుడు కూడా చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. ఎలుకల్లో కనిపించినంత ఫలితం మనుషుల్లో అందరికీ కనిపించదు. నోటితో మింగిన లైపోసోమ్ పరిస్థితి వేరు. పైత్యరసమూ, కొవ్వును అరిగించే ఎంజైములూ దానిని పేగుల్లోనే చాలావరకు విడగొడతాయి. కర్క్యుమిన్ కొంత ఎక్కువగా ఒంటపట్టవచ్చునేమో గాని, కణితిని వెతుక్కుంటూ వెళ్తుందన్న మాట నిలబడదు.

మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ దశాబ్దాలుగా రుజువైన మందు. దాని లైపోసోమ్ రూపానికి అమెరికాలో 2012లో ఒక రకం రక్త క్యాన్సర్‌కు సత్వర అనుమతి లభించింది. మేలును నిర్ధారించవలసిన పరీక్ష పూర్తి కాకపోవడంతో 2022లో ఆ అనుమతిని ఉపసంహరించారు. రుజువైన మందుకే వాహకాన్ని మార్చినప్పుడు మళ్ళీ అంత పరీక్ష అవసరమైతే, క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మనుషుల్లో ఇంకా తేలని కర్క్యుమిన్‌ను సీసా మీది మాట నమ్మి ఇవ్వమని నేను చెప్పలేను.

సమాధానం (క్యాన్సర్ వార్డు ఫార్మసిస్టు)

సీసా వెనుక చిన్న అక్షరాలలో మిరియాల సారం గాని, మిరియాల్లోని ఘాటు పదార్థమైన పైపరిన్ గాని ఉందేమో చూడండి. కర్క్యుమిన్ ఒంటపట్టడానికి దానిని తరచుగా కలుపుతారు. అది కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకోగలదు. పాక్లిటాక్సెల్ కూడా ఆ ఎంజైముల మీదే ఆధారపడుతుంది. ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే తెల్ల రక్తకణాలు మరింత పడిపోవచ్చు, అరికాళ్ల తిమ్మిర్లు పెరగవచ్చు. కూరలో వేసే పసుపుకు భయపడనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ, మిరియాల సారం ఉంది. మాత్రలు మొదలుపెట్టలేదు. పిన్నిగారికి నేనే నచ్చజెబుతాను.

సమాధానం (అదే ఫార్మసిస్టు)

మంచిదండీ. వచ్చే కీమో సైకిల్‌కు వెళ్ళేటప్పుడు ఆ సీసాతో పాటు అమ్మగారు వాడే ఆయుర్వేద, హోమియో మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించండి. పేర్లు నోటితో చెబితే ఇటువంటి సారాలు లెక్కలోకి రాకుండా పోతాయి.