ప్రధానం (నిశ్చితార్థం) అయ్యాక చేయి పట్టుకోవచ్చా?

అందరికీ వందనాలు. మాది చిత్తూరు, అబ్బాయిది తిరుపతి. పెద్దలు కుదిర్చిన సంబంధం. ప్రధానం అయింది, పెళ్లి క్రిస్మస్ తర్వాత. మొన్న చంద్రగిరి కోటలో మెట్లెక్కుతుంటే చేయి అందించాడు, పైకి వెళ్లాక కూడా వదల్లేదు. నాకూ విడిపించుకోవాలనిపించలేదు, అదే టెన్షన్.

బైబిల్లో 1 కొరింథీ 6:18 జారత్వానికి దూరంగా పారిపొమ్మంటుంది, సరే. చేయి పట్టుకోవడం, భుజం మీద తల వాల్చడం గురించి వాక్యంలో సూటిగా ఎక్కడా లేదు కదా? మా సంఘంలో అక్కలేమో పెళ్లిదాకా తాకనే కూడదంటారు. పాస్టరమ్మను అడిగితే అమ్మ చెవిన వేస్తుందని భయం (వేస్తుంది కూడా).

పెళ్లయిన అక్కలూ అన్నలూ, మీరు ఎక్కడ హద్దు పెట్టుకున్నారు? ముందే కూర్చుని మాట్లాడుకున్నారా? రేపు ముద్దు అడిగితే అతను నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? 'నీ మనస్సాక్షిని అడుగు' అని మాత్రం అనకండి, ప్లీజ్.