పైథాన్ ‘డిక్ట్’ని నిఘంటువు అనొచ్చా?

ప్రశ్న: పైథాన్ ఆబ్జెక్టులను ఉన్నవి ఉన్నట్టు దాచిపెట్టే జెడ్‌ఓడీబీ అనే డేటాబేస్ గురించి తెలుగులో పరిచయం రాస్తున్నానండీ. కీ ఇస్తే దానికి జతైన విలువను ఇచ్చే డిక్ట్‌ని ‘నిఘంటువు’ అన్నాను. అలాగే కీ-విలువ జతలను దాచే జెడ్‌ఓడీబీ బీట్రీని ఏమనాలో తోచట్లేదు. ‘బీ-చెట్టు’ అంటే నవ్వుతారేమో!

మొదటి జవాబు: బీట్రీని అలాగే ఉంచండి. నాకు పేచీ ఉన్నది నిఘంటువుతోనే. ఆ మాట వినగానే అకారాది క్రమం గుర్తొస్తుంది. డిక్ట్‌కి అది లేదు. పైథాన్ 3.7 నుంచి మనం చేర్చిన వరస నిలబెడుతుంది, అంతే. కీలను క్రమంలో పేర్చుకునేది బీట్రీ. ‘క’ నుంచి ‘గ’ దాకా ఇమ్మంటే ఇస్తుంది. ఆ పేరు నిజానికి దానికే చెల్లాలి. ఇంకోటి చూడండి. డిక్ట్ ఒకే బైండు పుస్తకం లాంటిది, ఒక్క పదం మారినా జెడ్‌ఓడీబీ దాన్ని మొత్తం మళ్ళీ రాస్తుంది. జెడ్‌ఓడీబీ కోసం డిక్ట్ లాగే చేసిన పర్సిస్టెంట్‌మ్యాపింగ్ దీ అదే కథ. బీట్రీ సంపుటాలుగా ఉంటుంది, మార్పు జరిగిన సంపుటమే మళ్ళీ అచ్చవుతుంది. వాళ్ళు బకెట్ అనేది దాన్నే. బీట్రీల్లో ఒక రకమైన ఓఓబీట్రీలో ఒక్కో బకెట్‌కి మామూలుగా 30 జతల దాకా పడతాయి.

రెండో జవాబు: సంపుటం బాగుంది గానీ నేనైతే బకెట్ అనే రాస్తా. ఎర్రర్ వస్తే కనిపించేది ఆ మాటే. మీ పరిచయంలో బీట్రీ పేరు ముందుండే రెండక్షరాలు తప్పక వివరించండి, ఎంపికంతా అక్కడే ఉంది. మొదటిది కీ రకం, రెండోది విలువ రకం. ఓ అంటే ఏ ఆబ్జెక్టైనా, ఐ అంటే 32 బిట్ల పూర్ణాంకం, ఎల్ అంటే 64 బిట్లది. పేర్లు కీలైతే ఓఓ. కీలు సంఖ్యలు, విలువలు ఆబ్జెక్టులు అయితే ఐఓ, లేదా ఎల్ఓ. ఐలో సంఖ్య 214 కోట్లు దాటితే పట్టదు కాబట్టి అనుమానముంటే ఎల్. ఓఓ కదా అని స్ట్రింగులూ సంఖ్యలూ కలిపి కీలుగా వేస్తే మాత్రం పోల్చలేక టైప్‌ఎర్రర్ ఇస్తుంది. పది సెట్టింగులు దాచడానికైతే ఇవేవీ అక్కర్లేదు, పర్సిస్టెంట్‌మ్యాపింగ్ చాలు.

అడిగినవారు: అకారాది అంటే మన అకారాదేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు: కాదండీ, యూనికోడ్ సంఖ్యల వరస. బడిలో ‘హ’ తర్వాత చదువుకున్న ‘ళ’ అక్కడ ‘ల’ పక్కనే ఉంటుంది. అందుకే ‘కళ’ వచ్చాకే ‘కవి’ వస్తుంది. బడి వరసే కావాలంటే ఆ క్రమానికి సరిపోయే స్ట్రింగ్ తయారుచేసి కీగా ఇచ్చి, అసలు పదాన్ని విలువలో పెట్టండి.

రెండో జవాబు ఇచ్చినవారు: ఆ విలువలో మామూలు లిస్ట్ పెట్టి దానికి చేర్చుకుంటూ పోకండి. ఆ మార్పు డేటాబేస్‌కి తెలియదు. మార్పును డేటాబేస్‌కి తెలిపే పర్సిస్టెంట్‌లిస్ట్ వాడండి. బీట్రీలో ఎన్ని ఉన్నాయో చెప్పే లెన్ కూడా తరచూ పిలవొద్దు, బకెట్లన్నీ తిరిగి లెక్కపెడుతుంది.