వాన వెలిశాక గుంటక తోలితే తేమ నిలుస్తుందా, ఉన్నదీ పోతుందా?

చెమ్మ: వాన వెలిసిన మూడో రోజు గుంటక (పైమట్టిని గుల్ల చేసి కలుపు కోసే పనిముట్టు) తోలితే పైమట్టి పొడిబారి కింది తేమను కప్పి ఉంచుతుందని కొందరంటారు. కదిలిస్తే ఉన్న తేమ కూడా గాలికి పోతుందని ఇంకొందరు. ఏది నిజం? ఏ నేలకో కూడా చెప్పండి.

రేగడి: తోలాల్సిందే. నీరు పైకి ఎక్కేది మట్టి రేణువుల మధ్య సన్నని సందుల్లోంచి. పై 3–4 సెం.మీ. గుల్ల చేస్తే ఆ దారి తెగుతుంది. అనుమానముంటే ఆరుతున్న చేలో అడుగుజాడలు చూడండి. చుట్టూ మట్టి తెల్లబడినా జాడ మాత్రం నల్లగానే ఉంటుంది. కాలు అదిమినచోట సందులు ఇరుకై కింది తేమ పైకి అందుతూనే ఉంటుంది.

ఇసుకపర్ర: జాడల మాట నిజమే. కానీ అవి చెప్పేది తొక్కొద్దని, తోలమని కాదు. నేల ఆరే మొదటి దశలో ఎండ, గాలి ఎంత నీరు లాగితే నేల అంత ఇచ్చేస్తుంది. ఆ దశలో పోయేది ఇసుక నేలలో 2–7 మి.మీ., బంకనేలలో 8–12 మి.మీ. రోజుకు 5 మి.మీ. లాగే ఎండలో ఇసుకకు ఒక రోజు అటూఇటూ, బంకకు రెండు రెండున్నర రోజులు. ఆపైన ఎండిన పైపొరే మూత అవుతుంది. అక్కడి నుంచి మొత్తం నష్టం రోజుల వర్గమూలం లెక్కన పెరుగుతుంది: నష్టం రెట్టింపు కావాలంటే నాలుగింతల రోజులు పట్టాలి. మూడో రోజు గుంటక అంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. పైగా 4 సెం.మీ. మట్టిలో ఘనపరిమాణం లెక్కన 15 శాతం తేమ ఉంటే అది 6 మి.మీ. నీరు. దాన్ని తిరగేసి ఎండకు పెడుతున్నారు.

రేగడి: లెక్క బాగుంది, నెర్రెలను మరిచారు. బంకనేల ఆరితే నెర్రెలు బారుతుంది, వాటి గోడల్లోంచి లోతు తేమ కూడా పోతుంది. మీ వర్గమూలం నెర్రెలు లేని నేలకే సరి. అవి సన్నగా ఉండగానే తోలితే పూడుకుంటాయి.

తూకంరాయి: గుంటకకు వచ్చిన పేరులో చాలా వాటా కలుపుది. ఎండిన పైపొర ఆవిరిని ఆపుతుందేమో గానీ నీరు లాగే కలుపు వేళ్లను ఆపదు. కలుపు తీసిన చేనుతో తీయని చేనును పోలిస్తే ఈ వాదన తేలదు. రెండు పట్టెల్లోనూ కలుపు చేత్తో పీకి, ఒకదాంట్లోనే గుంటక తోలండి. ఒక్కోదాంట్లో మూడు చోట్ల 0–5, 5–15, 15–30 సెం.మీ. మట్టి తీసి వెంటనే మూత బిగించండి. 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచండి. 100 గ్రాముల తడిమట్టి 84కి దిగితే తేమ 16 శాతం కాదు, 19. భాగించాల్సింది పొడిమట్టి బరువుతో.

చెమ్మ: నేల పదునుకొచ్చిందని తెలిసేదెలా?

రేగడి: 5 సెం.మీ. లోతు మట్టి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదలండి. చిట్లితే పదును, చప్పిడిగా అతుక్కుంటే ఆగాలి. తడిలో తోలితే పెళ్లలు లేస్తాయి, వాటి సందుల్లో గాలి ఆడి ఇంకా త్వరగా ఆరుతుంది.

ఇసుకపర్ర: 15–30 పొరలో తేడా కనిపిస్తే బంకనేల వరకు ఒప్పుకుంటాను. ఇసుక నేలలో గుంటక కలుపుకే.