'ఈజిస్' అనే ఇంగ్లీషు మాటకు రక్షణ అన్న అర్థం ఎలా వచ్చింది?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
అందరికీ నమస్కారం. మా కళాశాల ఇంగ్లీషు శాఖ నిర్వహించబోయే సదస్సు ఆహ్వానపత్రికను తెలుగు చేసే పని నాకు అప్పగించారు. విశ్వవిద్యాలయం వారి 'ఈజిస్' కింద సదస్సు జరుగుతుందని అందులో ఉంది. ఇటువంటి చోట 'ఆధ్వర్యంలో' అని రాయడం మన దగ్గర పరిపాటి. నిఘంటువులో మాత్రం రక్షణ, డాలు అనే అర్థాలు కనబడుతున్నాయి. ఈ మాట పుట్టుక తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ఇది గ్రీకు మాట. అక్కడ 'ఐగిస్', లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. గ్రీకు కవి హోమర్ ట్రాయ్ యుద్ధం మీద చెప్పిన ఇలియడ్ కావ్యంలో ఇది దేవతల రాజు జ్యూస్‌ది, డాలులా అడ్డుపెట్టుకునే లేదా ఒంటిమీద కప్పుకునే రక్షణ. అతని కుమార్తె ఎథీనా, కుమారుడు అపోలో కూడా దీనిని ధరిస్తారు. రెండవ సర్గలో ఎథీనా దీనిని ధరించి గ్రీకు సేనల నడుమ తిరుగుతుంది. దీని అంచున నూరు బంగారు కుచ్చులు వేలాడుతుంటాయని, ఒక్కొక్క కుచ్చు నూరు ఎడ్ల విలువ చేస్తుందని కవి చెబుతాడు. ఐదవ సర్గలో దీని మీద భయమూ కలహమూ రూపుదాల్చి ఉంటాయి, వాటితోపాటు గోర్గాన్ అనే రాక్షసి తల ఉంటుంది. కట్టుబడిలో ఉన్న ఇంటికి మనవాళ్లు దిష్టిబొమ్మ కట్టినట్లే గ్రీకులు ఆ తలను గుడుల మీద కూడా చెక్కారు.

నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకట్టుకునేవి మరి రెండు ఘట్టాలు. 15వ సర్గలో ట్రాయ్ పక్షాన ఉన్న అపోలో దీనిని ఎత్తి ఊపగానే గ్రీకు సైన్యం గుండె చెదిరి పారిపోతుంది. 24వ సర్గలో గ్రీకు వీరుడు ఎకిలిస్ పగ చల్లారక, తాను చంపిన ట్రాయ్ వీరుడు హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడుస్తుంటే, ఆ శరీరం చీరుకుపోకుండా అదే అపోలో దీనినే కప్పుతాడు. శత్రువును బెదరగొట్టేదీ, ఆశ్రితుడిని కప్పి కాచేదీ ఒకే వస్తువు. అందుచేత ఈ మాట చెప్పే రక్షణ బలవంతుడు కల్పించే రక్షణ. అతని పేరు వింటేనే ఎదుటివాడు వెనుకాడే రక్షణ. ఇంగ్లీషులో 18వ శతాబ్ది చివరికి ఈ మాట రక్షణ అనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. సంస్థల అండదండలు అనే నేటి అర్థం దాని కొనసాగింపే.

జవాబు (పటమట, విజయవాడ):
పై జవాబుకు వ్యుత్పత్తి కూడా చేర్చవలసి ఉంది. గ్రీకులో 'ఐక్స్' అంటే మేక గనుక ఐగిస్ అంటే మేకతోలు అన్నది ప్రసిద్ధమైన వ్యాఖ్య. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్, లిబియా స్త్రీలు మేకతోళ్ల వెంట్రుకలు తీసి, ఎర్రరంగు వేసి, అంచులకు కుచ్చులు పెట్టి కప్పుకుంటారనీ, ఎథీనా విగ్రహాల వేషం అక్కడి నుంచే వచ్చిందనీ రాశాడు. మరికొందరు పండితులు ఈ మాటను గాలివానతో ముడిపెడతారు. 'కటైగిస్' అంటే గ్రీకులో పెనుగాలి. జ్యూస్ ఉరుములకూ మెరుపులకూ అధిపతి. నాకు మేకతోలు వాదమే సబబుగా తోస్తున్నది.

సంస్కృతంలో కూడా 'చర్మం' అంటే తోలు మాత్రమే కాదు, డాలు కూడా. పురాణాలలో 'ఖడ్గచర్మధారి' అన్నప్పుడు ఆ చర్మం డాలే. అజం అంటే మేక. అజినం అంటే తోలు. ఇవి గ్రీకు మాటకు జ్ఞాతులని నేను అనడం లేదు. తోలు కప్పుకొని పోరాడిన కాలం రెండు భాషల్లోనూ జాడ వదిలిందని మాత్రమే నా మనవి.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
ఇక అనువాదం సంగతి. 'ఆధ్వర్యం' అన్న మాటకు మూలం అధ్వర్యుడు. యజ్ఞంలో వేదిని కొలిచి, పాత్రలు అమర్చి, యజుర్మంత్రాలతో హోమం నడిపించే ఋత్విజుడే అధ్వర్యుడు. అంటే పని చేసేవాడు, చేయించేవాడు కాదు. మీ సదస్సులో ఆ పని ఇంగ్లీషు శాఖది. విశ్వవిద్యాలయం దానికి తన పేరూ ఆమోదమూ ఇచ్చి వెనుక నిలబడుతున్నది. కాబట్టి 'విశ్వవిద్యాలయం వారి అండతో, ఇంగ్లీషు శాఖ ఆధ్వర్యంలో' అని రాస్తే ఎవరి పాత్ర ఏమిటో చదివేవారికి తెలుస్తుంది. కొంచెం ప్రౌఢంగా ఉండాలనుకుంటే 'ఛత్రచ్ఛాయలో' అనవచ్చు. వెల్లగొడుగు రాజచిహ్నం గనుక, అధికారమూ ఆశ్రయమూ రెండూ అందులో ఉన్నాయి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 'అండతో' అనే రాస్తాను, సంస్థల పాత్రలను విడివిడిగానే చూపుతాను. ఇలాంటి ఆహ్వానాలలోనే కనిపించే 'ఆస్పిసెస్' అన్న మాటను కూడా ఇలాగే అనువదించవచ్చునా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
దాని దారి వేరు. అది లాటిన్‌లో పక్షి, చూడడం అనే రెండు మాటల కలయిక. రోమనులు ముఖ్యకార్యాలకు ముందు పక్షుల కదలికను బట్టి శకునం చూసేవారు. అలా చూసే అధికారం పదవిలో ఉన్నవారిది. యుద్ధం ఎవరి శకునాధికారం కింద జరిగితే విజయం వారిదిగా లెక్కించేవారు. అందుచేత దానికి 'ఆధ్వర్యంలో' అన్న మాట చాలావరకు సరిపోతుంది.